ఇంకా నొక్కద్దన్నా

మౌలాలన్నా, ఒక్క నిమిషం,
ఇంకా నొక్కద్దు.
ఆ బాణం గుర్తును అట్లే నిలబెట్టు
మేజర్ అనే డబ్బా మీద.

వెనక లైనుందని తెలుసు.
టీసీ జిరాక్సుకొచ్చిన పిల్లోడు మూడుసార్లు దగ్గినాడు.
కరెంటు పోతే నీ ఇన్వర్టరు
పది నిమిషాలే పలుకుతాదనీ తెలుసు.
కానీ నాలుగేండ్లు నేను కాపురముండాల్సిన ఇల్లన్నా అది,
వాకిలన్నా చూసుకోనీ.

మామ ఫోన్లో జువాలజీ పెట్టమన్నాడు.
డాక్టరంటే మనుషులకు గదా,
చెట్లకు జొరమొస్తే ఆసుపత్రికి ఎవరొస్తారే అని నవ్వినాడు.
కోచింగు సారేమో, ఏదో ఒకటి పెట్టమ్మా,
సీటొచ్చేదాకా డిగ్రీ అంటే
నీడకు నిలబడే బస్టాపు, అంతే అన్నాడు.
ఆయప్పకు చానా బస్సులు తెలుసు.
మా గోనెగండ్ల నర్సక్క కెమిస్ట్రీ అనింది,
ఎందుకో చెప్పేలోపల ఫోన్లో బ్యాలెన్సు అయిపోయింది.

నిజానికి నేను పడింది ఫిజిక్సులో.
కప్పీ, తాడు, రెండు పక్కలా రెండు బరువులు,
ఏది కిందికి పోతాదో
బావి కాడ పెరిగిన నా చేతులకు తెలుసు,
పెన్నుకు తెలీలే.
నూట ఎనభైకి ముప్పై ఒకటి.
పడిన తావునే లెయ్యమంటారు గదా పెద్దోళ్ళు,
ఆ మేజరేమో లెక్కలు చదివినోళ్ళకేనంట,
నువ్వే చెప్తివి.

రోజూ పెద్దాసుపత్రి ముందర దిగుతా.
తెల్లకోటు ముంజేతి మీద మడిచేసుకోని
టీ అంగడి కాడ బిస్కెట్లు ముంచుకునే పిల్లల్ని చూస్తా.
మెడలో గొట్టాన్ని గాదన్నా,
వాళ్ళు తొందర లేకుండా నవ్వేది చూస్తా.

పోయినేడు కర్నూలు యార్డుకు
మా నాయన అరవై మూటల ఉల్లిగడ్డ తోలినాడు.
మూడు రాత్రులు మూటల మీదనే పండుకున్నాడు.
నాలుగోనాడు కిలో రెండు రూపాయలన్నారు.
లారీ బాడిగ చేతినుంచి కట్టి,
గడ్డలన్నీ గొర్రెలకు పోసి,
ఎందుకో నాలుగంటే నాలుగు
తువ్వాలలో కట్టుకోనొచ్చినాడు.

ఆ వారమే ల్యాబుకు తలా ఒక గడ్డ తెమ్మనింది మేడం.
గ్లాసు మూతి మీద కూచోబెడితే
రెండో దినానికి తెల్లని గడ్డం మొలిచింది దానికి.
వేరు కొన కోసి, ఎర్రరంగులో నానబెట్టి,
గాజుపలక మీద బొటనేలితో నొక్కి
కన్ను పెట్టినా.
మొదట నా రెప్ప ఎంట్రుకలే కనబడినాయి.
ఆనెక గోడలు, గదులు.
ఒక గదిలో ఎర్రదారాలు నడిమధ్య వరస కట్టి ఉండాయి.
పక్క గదిలో అవే దారాలు, భాగాలు తెగినాక
అన్నదమ్ముల మాదిరి చెరోపక్కకు పోతాండాయి.
రెండు రూపాయలు పలకని గడ్డ
నీళ్ళు తగిలితే చాలు, మళ్ళీ పనిలో దిగింది.

గంట కొట్టినా నేను లేయలే.
ఉరుకుందమ్మా, వెనక పిల్లోళ్ళుండారు అనింది మేడం,
ఇప్పుడు నువ్వంటాండావే, అట్లనే.

నీట్ మళ్ళా రాస్తా, అనుమానం పెట్టుకోవద్దు.
మే ఎండలో ఆ గేటు కాడ
చెవికమ్మలు తీసి అమ్మ చేతిలో పెడతా.
వస్తే తెల్లకోటే.
రాకుంటే?
ఆ మాట మామా అడగలే, సారూ అడగలే.
ఆ బస్సు రానే రాకుంటే, అన్నా,
బస్టాపులో కూచున్నంతసేపూ
కండ్లకు ఏమన్నా ఉండొద్దా?

బాటనీ. నొక్కు.
ఇంటిపేరు స్పెల్లింగు ఇంకోతూరి చూడు,
ఆధార్లో ఒక అక్షరం ఎక్కువుంది.

రశీదు రెండు తియ్యి, ఒకటి నాయనకు.
ఏం చదువే అంటే ఉల్లిగడ్డ చదువని చెప్తా.
తిడతాడు.
కాసేపుండి,
రేటెంతంట అని అడుగుతాడు.